పాత కారుతో ఢిల్లీ నుంచి దూర ప్రయాణం: బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలి?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొందరు సంక్రాంతికో, వేసవి సెలవులకో సొంత కారులోనే స్వస్థలాలకు బయలుదేరుతుంటారు. 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు దూరం దాదాపు 1,550 కిలోమీటర్లు. లక్ష కిలోమీటర్లు దాటిన పాత కారు నగరంలో రోజూ ఇబ్బంది లేకుండా తిరుగుతున్నంత మాత్రాన ఈ దూరాన్ని తట్టుకుంటుందని చెప్పలేము. సిగ్నళ్ల మధ్య నెమ్మదిగా నడిచే కారులో బయటపడని లోపాలు, నిండు బరువుతో, అధిక వేగంతో గంటల తరబడి నడిచినప్పుడే బయటపడతాయి. పైగా దేశ రాజధాని ప్రాంతంలో పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు అమలులో ఉన్నాయి. అందువల్ల ఇక్కడి పాత కారుకు రెండు పరీక్షలు తప్పవు: ఒకటి చట్టపరమైనది, రెండవది యాంత్రికమైనది.

వయసు, ఉద్గార ప్రమాణం

పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు దేశ రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014, 2015 సంవత్సరాలలో ఆదేశించింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు కూడా ఈ నిషేధాన్ని అమలు చేయాలని ఆదేశించింది. కాలం చెల్లిన వాహనాలకు ఢిల్లీ బంకులలో ఇంధనం పోయరాదన్న నిబంధన 2025 జులై 1న అమలులోకి వచ్చినా, ప్రజల నుంచి వ్యతిరేకత రావడంతో కొద్దిరోజులకే వాయిదా పడింది.

అనంతరం 2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసు కారణంగా ఈ వాహనాల యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరు 17న ఆ ఉత్తర్వును సవరించి, బీఎస్-4, అంతకన్నా మెరుగైన ప్రమాణాలు గల వాహనాలకే ఈ రక్షణను పరిమితం చేసింది. అంటే బీఎస్-3, అంతకు ముందటి ప్రమాణాల వాహనాలు వయోపరిమితి దాటితే అధికారులు చర్య తీసుకోవచ్చు.

ఢిల్లీలో బీఎస్-4 ప్రమాణం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దేశవ్యాప్తంగా అమలైనది మాత్రం 2017 ఏప్రిల్ 1 నుంచే. అందువల్ల వేరే ప్రాంతంలో నమోదైన కారు ప్రమాణాన్ని తయారీ సంవత్సరాన్ని బట్టి ఊహించడం సరికాదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో గాని, రవాణా శాఖ ‘వాహన్’ వివరాలలో గాని సరిచూసుకోవాలి. న్యాయస్థానంలోని అంశం కనుక, బయలుదేరే ముందు తాజా ఉత్తర్వులను తెలుసుకోవడం మంచిది.

శీతాకాలంలో తిరుగు ప్రయాణానికి మరో చిక్కు ఉంది. వాయు నాణ్యత తీవ్రంగా క్షీణించి దశలవారీ కార్యాచరణ ప్రణాళికలోని మూడో దశ అమలైతే, ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, గౌతమబుద్ధ నగర్ జిల్లాలలో బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ కార్లపై ఆంక్షలు విధిస్తారు. వయోపరిమితి లోపు ఉన్న కార్లకు కూడా ఇవి వర్తిస్తాయి. ఊరి నుంచి తిరిగి వచ్చే నాటికి నగర సరిహద్దులో కారు ఆగిపోకుండా ఈ సమాచారాన్ని దారిలోనే గమనిస్తూ ఉండాలి.

వెంట ఉండవలసిన పత్రాలు

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్సు, బీమా, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం తప్పనిసరి. డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలోని ప్రతులు చెల్లుబాటవుతాయి. పీయూసీ గడువు బీఎస్-4, బీఎస్-6 వాహనాలకు ఏడాది కాగా, అంతకన్నా పాత వాటికి ఇంకా తక్కువే. గడువు తీరిన పీయూసీతో పట్టుబడితే మోటారు వాహనాల చట్టం కింద 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ పట్టుబడితే 4,000 రూపాయలు జరిమానా.

ప్రైవేటు కారు తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఢిల్లీ వెలుపల ఫిట్‌నెస్ పరీక్ష అనంతరం దానిని ఐదేళ్ల చొప్పున పొడిగించుకునే వీలుంది. కారును స్వరాష్ట్రంలోనే ఉంచదలచినవారు ఢిల్లీ రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకొని అక్కడ తిరిగి నమోదు చేయించుకోవాలి. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఈ నమోదు తప్పనిసరి.

అంకె కాదు, కాలం ముఖ్యం

పాత కారు అనగానే చాలామంది ఓడోమీటరు వైపు చూస్తారు. సకాలంలో ఆయిల్ మార్చుతూ హైవేపై లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారు కన్నా, ఏళ్ల తరబడి ఎండలో నిలిపి ఉంచి అరవై వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన కారే దారిలో ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు. ఇనుము అరగడానికి దూరం కావాలి. రబ్బరు గట్టిపడి పగలడానికి, ద్రవాలు చెడిపోవడానికి కాలం చాలు. టైర్లు, హోస్ పైపులు, బెల్టులు, బ్రేక్ ద్రవం, కూలెంట్, బ్యాటరీ అన్నీ తిరిగినా తిరగకపోయినా వయసుతో బలహీనపడేవే. తనిఖీ వీటితోనే మొదలుకావాలి.

టైర్లు

టైరు పక్కగోడపై ‘డీఓటీ’ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. ‘2319’ అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా నిపుణులకు చూపించాలని, పైకి బాగున్నట్టు కనిపించినా పదేళ్లకు మించి వాడరాదని తయారీదారులు సూచిస్తారు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకన్నా తగ్గిన టైరు నిబంధనల ప్రకారం పనికిరాదు. వానలో పట్టు నిలవాలంటే 3 మిల్లీమీటర్లయినా ఉండటం మేలు. పక్కగోడపై పగుళ్లు, ఉబ్బులు కనిపిస్తే ఆ టైరుతో హైవే ఎక్కరాదు.

గాలి పీడనాన్ని కారు నడపక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత పీడనం ఉండాలో డ్రైవరు తలుపు అంచున అతికించిన పట్టికలో ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఇచ్చి ఉంటే దానినే పాటించాలి. గాలి తక్కువైతే టైరు పక్కగోడ అదేపనిగా వంగుతూ వేడెక్కుతుంది. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే సిమెంటు రహదారి. మండు వేసవిలో, అధిక వేగంలో పాత టైరు పేలే ప్రమాదం ఇటువంటి చోట్ల మరింత ఎక్కువ. స్టెప్నీ వయసును కూడా తప్పక చూడాలి. చాలా పాత కార్లలో ఒక్కసారీ వాడని స్టెప్నీయే అన్నింటికన్నా పాత టైరు.

బ్రేకులు, స్టీరింగ్

బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డీఓటీ-3 రకం ద్రవం కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరితే ఆ హద్దు 140 డిగ్రీల వరకు పడిపోవచ్చు. ఘాట్ దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు ద్రవం మరిగి ఆవిరి ఏర్పడితే, పెడల్ మెత్తగా లోపలికి పోతుందే తప్ప కారు ఆగదు. అందుకే రెండేళ్లు దాటిన ద్రవాన్ని మార్చాలి.

ఇంటి వద్దే చేయదగిన పరీక్ష ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్రేకు పెడల్‌ను అర నిమిషం నొక్కి ఉంచాలి. అది నెమ్మదిగా కిందికి దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టో, మాస్టర్ సిలిండర్ దెబ్బతిన్నట్టో భావించాలి. ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయాలి. బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగడం, 80 కిలోమీటర్ల వేగం దాటాక స్టీరింగ్ వణకడం, గుంతల్లో టకటక శబ్దం రావడం వంటివాటిని తేలికగా తీసుకోరాదు. బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాడ్ల చివరలు, షాక్ అబ్సార్బర్లు చూపించిన తరువాతే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. అరిగిన భాగాలతో చేయించిన అలైన్‌మెంట్ నిలవదు.

ఇంజిన్ వేడెక్కకుండా

పాత కార్లు రహదారిపై నిలిచిపోవడానికి ముఖ్య కారణాలలో ఇంజిన్ వేడెక్కడం ఒకటి. కూలింగ్ వ్యవస్థ పీడనంతో పనిచేస్తుంది. ఆ పీడనమే కూలెంట్‌ను 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంచుతుంది. రేడియేటర్ మూతలోని రబ్బరు అరిగితే పీడనం నిలవదు. కొద్దిపాటి ఖర్చుతో మార్చగలిగే ఆ మూత వల్లే కొన్నిసార్లు సిలిండర్ హెడ్ దెబ్బతింటుంది. హోస్ పైపులను నొక్కి చూసినప్పుడు మరీ మెత్తగా గాని, పగిలేంత గట్టిగా గాని ఉంటే మార్చాలి. థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ ఫ్యాన్ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. కూలెంట్‌కు బదులు కుళాయి నీళ్లు పోస్తూ వచ్చిన కార్లలో లోపల తుప్పు, మడ్డి పేరుకుంటాయి. అటువంటి కారుకు వ్యవస్థ మొత్తం శుభ్రం చేయించడం అవసరం.

ఉష్ణోగ్రత ముల్లు పైకి ఎగబాకితే ఏసీ ఆపి, కారును సురక్షితంగా పక్కకు తీసి, ఇంజిన్ ఆపాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. పూర్తిగా చల్లారే వరకు దానిని ముట్టుకోరాదు.

బెల్టు, బ్యాటరీ, ఆయిల్

మారుతి 800, తొలినాళ్ల ఆల్టో, శాంట్రో వంటి పాత కార్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది. కొన్ని కార్లలో దాని స్థానంలో గొలుసు ఉంటుంది. బెల్టును ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోతే మార్చలేదనే భావించాలి. అది తెగితే ఇంజిన్ ఆగిపోవడమే గాక, కొన్ని ఇంజిన్లలో వాల్వులు వంగి భారీ ఖర్చు మీద పడుతుంది.

బ్యాటరీ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. రెండో అంకె తక్కువైతే లోపం ఆల్టర్నేటర్‌ది కావచ్చు. కొత్త బ్యాటరీ వేసినంత మాత్రాన అది తీరదు. పాత ఇంజిన్ కొంత ఆయిల్ తాగడం సహజమే. ఎంత తాగుతోందో ముందే తెలిసి ఉండాలి. ఆయిల్ మార్చిన తరువాత ప్రతి ఉదయం డిప్‌స్టిక్ చూసి, అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు వెంట ఉంచుకోవాలి. ఢిల్లీ దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది కనుక దానినీ మార్చడం మంచిది.

ఈ20 పెట్రోల్, సీఎన్‌జీ

ప్రస్తుతం బంకులలో లభించేది ప్రధానంగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. కొన్ని పాత వాహనాలలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో పేర్కొంది. పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఇంధన గొట్టాలలో పగుళ్లు, తడి, పెట్రోల్ వాసన ఉన్నాయేమో చూడాలి. వేడి ఇంజిన్‌పై పెట్రోల్ కారితే మంటలు చెలరేగవచ్చు.

సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష చేయించాలి. దూరపు దారిలో గ్యాస్ బంకులు అన్నిచోట్లా ఉండవు గనుక పెట్రోల్ ట్యాంకు నింపి, కారు పెట్రోల్‌పై సాఫీగా నడుస్తున్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి.

రెండు వారాల ముందు మరమ్మతు, వారం ముందు పరీక్ష

బయలుదేరే ముందురోజు సర్వీసింగ్ చేయించడం సరైన పద్ధతి కాదు. కొత్తగా బిగించిన భాగంలో లోపముంటే తొలి కొన్ని వందల కిలోమీటర్లలోనే బయటపడుతుంది. అందుకే పనులన్నీ రెండు వారాల ముందే ముగించి, వారం ముందు ఢిల్లీ నుంచి మథుర వరకు వెళ్లి రావడం వంటి దాదాపు 300 కిలోమీటర్ల పరీక్షా ప్రయాణం చేయాలి. ఏసీ వేసి, ప్రయాణ దినాన ఉండేంత బరువుతోనే నడపాలి. తిరిగి వచ్చాక కూలెంట్, ఆయిల్ మట్టాలు తగ్గాయేమో, నిలిపిన చోట నేలపై మరకలు ఉన్నాయేమో మర్నాటి ఉదయం చూడాలి.

స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, హెచ్చరిక త్రికోణం, ప్రథమ చికిత్స పెట్టె, టార్చి, ఫ్యూజులు, ఒక బల్బు, కూలెంట్, జంపర్ కేబుళ్లు వెంట ఉండాలి. ఫాస్టాగ్‌లో తగినంత సొమ్ము ఉంచుకోవాలి. జాతీయ రహదారులపై సాయానికి 1033, అత్యవసర సేవలకు 112 నంబర్లను సంప్రదించవచ్చు.

దారిలో

44వ రహదారి ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, సివనీ, నాగ్‌పుర్, ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా హైదరాబాద్ చేరుతుంది. సివనీ, నాగ్‌పుర్ మధ్య పెంచ్ పులుల అభయారణ్యం పక్కన సాగే భాగాన్ని పగటిపూట దాటడం మంచిది. వేసవిలో నాగ్‌పుర్ పరిసరాలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ భాగాన్ని ఉదయమే దాటితే టైర్లకు, ఇంజిన్‌కు శ్రమ తగ్గుతుంది.

శీతాకాలంలో ఉత్తరాదిన పొగమంచే అతిపెద్ద ప్రమాదం. 2025 డిసెంబరు 16 తెల్లవారుజామున మథుర సమీపంలో యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై పొగమంచులో బస్సులు, కార్లు ఒకదానినొకటి ఢీకొని మంటలు చెలరేగి పలువురు మృతి చెందారు. ఎండెక్కిన తరువాతే బయలుదేరడం, వెనుక దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకోవడం, కారు మొరాయిస్తే అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడటం ప్రాణాలు కాపాడే జాగ్రత్తలు. పాత కారు దారిలో ఆగిపోవడం కన్నా, ఆగిన కారులో కూర్చొని ఉండటమే ఎక్కువ ప్రమాదకరం.

ఎప్పుడు మానుకోవాలి?

కూలెంట్ కారణం తెలియకుండా తగ్గుతున్నా, బ్రేకు పెడల్ దిగుతున్నా, స్టీరింగ్‌లో వదులు ఉన్నా, పెట్రోల్ వాసన వస్తున్నా, టైర్ల వయసు మీరినా, ఆ లోపం సరిదిద్ది మరోసారి పరీక్షించే వరకు ప్రయాణం వాయిదా వేయాలి. ఆ వ్యవధి లేకపోతే రైలులో వెళ్లడమే క్షేమం. ఏసీ చల్లదనం తగ్గడం, తలుపు కిర్రుమనడం, రంగు వెలవడం వంటివి అసౌకర్యాలే గాని ప్రమాదాలు కావు. మరమ్మతుకు కేటాయించిన సొమ్ము పరిమితమైనప్పుడు అది ముందుగా టైర్లకు, బ్రేకులకు, కూలింగ్ వ్యవస్థకు, ఆ తరువాతే మిగిలినవాటికి వెళ్లాలి.