నీట ముంచినా, పాల ముంచినా...

“నీట ముంచినా పాల ముంచినా నీదే భారం” అని దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మనందరికీ అలవాటే. ఆ భారం ఒకనాడు మోటారు సైకిలు రూపంలో నా నెత్తినే పడుతుందని మాత్రం అనుకోలేదు.

మేం అరకులో ఉంటాం. మావారు బడిపంతులు. సంత రోజున మా ఇంటికి కూరలు తెచ్చే ముసలమ్మ, ఓసారి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది.

“అమ్మగారూ, మా గుంటడు బండి కొంతానంతన్నాడు. సగం రేటుకే వత్తాదట. నువ్వేటంతావు?”

సగం రేటు ఎందుకో తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ బండి బెజవాడది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగాయి కదా! ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఇళ్ళ ముందు నిలిపిన బళ్ళెన్నో రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. వాటిలో ఒకదాన్ని కడిగి, తుడిచి, మెరుగుపెట్టి ఎవరో బేరగాడు కొండెక్కించాడన్నమాట.

“ఇంత తొందరేం వచ్చింది బాబూ?” అన్నాను. ఆ అబ్బాయి తలొంచుకుని, “దానికి నెలలు నిండుతున్నాయండి. డోలీలో మోయించను” అన్నాడు. నా నోట మాట రాలేదు.

మనకి బండి అంటే షోకు. ఈ కొండల్లో బండి వెనక పెద్ద చరిత్రే ఉంది. రోగినైనా, నిండు చూలాలినైనా వెదురు బొంగుకి కట్టిన డోలీలో ఇద్దరు మోసుకు దిగడమే తరతరాల పద్ధతి. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలుదారి వేశారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. అయితే ఆ దారి వేసింది మనుషుల కోసం కాదండోయ్, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకి పంపడానికి! 1955లో మద్రాసులో బుల్లెట్టు, 1960ల్లో మైసూరులో జావా తయారీ మొదలయ్యాయి గానీ, అవి కొనే తాహతు కొండ రైతుకెక్కడిది? 1984లో జపాను హోండా వాళ్ళు మన హీరో వాళ్ళతో చేయి కలిపారు. ఆ మరుసటేడు, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే చిన్న బండి వచ్చింది. మన ఇనుము జపాను వెళ్తే, జపాను బండి మన దగ్గరికొచ్చింది! 2018లో ఏజెన్సీ గూడేలకి బైకు అంబులెన్సులు కూడా వచ్చాయి. అయినా డోలీ పూర్తిగా అటకెక్కలేదు. రోడ్డులేని గూడేలు ఇంకా ఉన్నాయి మరి.

మావారు తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్ళారు. నేనూ వెళ్ళాను. బేరగాడు హుషారుగా కిక్కు కొట్టబోతే మెకానిక్కు చెయ్యి అడ్డం పెట్టాడు. తడిసిన మిక్సీని ఆరబెట్టకుండా మనం స్విచ్చి వేస్తామా? ఇదీ అంతే. నొక్కితే గాలి అణుగుతుంది, నీరు అణగదు. ఇంజనులో నీళ్ళుంటే లోపలి రాడ్డే వంగిపోతుందట. సీటు కింద ఎండిన ఒండ్రు ఉంది. వైర్ల ముడుల దగ్గర పచ్చగా చిలుము పట్టింది. చివరికి ఇంజను ఆయిలు కాస్త కిందికి వదిలితే, తెల్లగా, అచ్చం పాలలా ఉంది! నీట ముంచినా పాల ముంచినా అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

“బ్రేకుల్లోకీ బేరింగుల్లోకీ బురద పోయుంటాదండి. ఊళ్ళో ఆగిపోతే తోసుకుపోవచ్చు. ఘాటు దిగుతుంటే ఏటి పట్టుకుంతారు?” అన్నాడు మెకానిక్కు.

అబ్బాయి చాలాసేపు హ్యాండిలు మీంచి చెయ్యి తియ్యలేదు. చేతిలో ఉన్నది ఆ డబ్బే, ఇంటి దగ్గర నెలలు నిండే భార్య. వద్దనడం మాకు తేలికే. కానీ డోలీ మోసేది మేమా? ఆ మాటే మావారితో అన్నాను. ఆయన, “ఇంకో బండి వెతుకుదాం, కాస్త ఓపిక పట్టు” అని ఆ అబ్బాయి భుజం తట్టారు.

మూడు వారాలు వెతికాక రంగు వెలిసిన పాత బండి ఒకటి దొరికింది. సీటు చిరిగింది గానీ, అది నీళ్ళ మొహం ఎరగదు. తక్కువపడిన డబ్బు మేం సర్దాం. రాజ్‌మా పంట చేతికొచ్చాక తీరుస్తామన్నారు.

పై నెలలో ఓ అర్ధరాత్రి ఆ బండే కోడల్ని అంబులెన్సు వచ్చే రోడ్డుదాకా దింపింది. ఆడపిల్ల పుట్టింది. పాప పుట్టిందని చెప్పడానికి వచ్చిన ముసలమ్మ నవ్వుతూ అంది: “నీల్లు తాగిన ఎద్దు దున్నుతాది గానీ, నీల్లు తాగిన బండి దున్నుతాదేటమ్మా!”