సైనిక వైమానిక చరిత్ర గ్రంథాల స్వతంత్ర ప్రచురణ

సైనిక వైమానిక చరిత్ర గ్రంథాల స్వతంత్ర ప్రచురణ అనగా యుద్ధ విమానాలు, వైమానిక దళాలు, విమాన క్షేత్రాలు, వైమానికుల చరిత్రను ప్రభుత్వ నియామకం గాని, పెద్ద ప్రచురణ సంస్థల పెట్టుబడి గాని లేకుండా రచయితలే పరిశోధించి, ముద్రణకు కావలసిన ధనాన్ని తామే సమకూర్చుకొని, పుస్తకాన్ని తామే పాఠకులకు చేర్చే పద్ధతి. ఈ రంగంలో వ్రాసేవారిలో చాలామంది వృత్తిరీత్యా చరిత్రకారులు కారు. ఉద్యోగులు, మాజీ సైనికులు, విమానాలపై ఆసక్తి గలవారు తమ తీరిక సమయంలో ఈ పని చేస్తారు. పాఠకుల సంఖ్య పరిమితం, ఛాయాచిత్రాల ఖర్చు అధికం కావడం వలన, ఇటువంటి పుస్తకానికి రచన ఎంత ముఖ్యమో ధన సేకరణ, ప్రచారం కూడా అంత ముఖ్యం. తెలుగు ప్రాంతంలో ఇటువంటి గ్రంథాలు అరుదు. అయితే వ్రాయదగిన చరిత్రకు కొరత లేదు.

హైదరాబాదు రాజ్యం, వరంగల్లు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ రకపు విమానాలు సమకూరినవి. అవి నిజాము కానుక అని తెలిపే వాక్యం విమానాలపై వ్రాయబడినది. 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు పొందిన ఈ దళం 1918 సెప్టెంబరు నుండి ఫ్రాన్సులోని స్థావరం నుంచి జర్మనీ నగరాలపై బాంబు దాడులలో పాల్గొన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాదు పేరు పెట్టబడినది. వీటిలో 152వ స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్ విమానాలతో బ్రిటన్ రక్షణకై పోరాడి, తరువాత బర్మా రంగానికి వచ్చినది. దాని చిహ్నంలో నిజాము తలపాగా కనబడుతుంది. చిహ్నం క్రింద 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అను అర్థం గల ఇంగ్లీషు మాటలు ఉంటాయి. ఇది బ్రిటిషు ప్రభుత్వం నిజాముకు ఇచ్చిన బిరుదు నుండి తీసుకొన్నది. హైదరాబాదు ప్రజల పన్నుల సొమ్ముతో కూడిన ఖజానా ఉన్న రాజ్యపు పేరు ఐరోపా ఆకాశంలో ఎగిరినప్పటికీ, ఆ దళాల దైనందిన కార్యకలాపాల పుస్తకాలు లండను సమీపంలోని క్యూ వద్ద గల బ్రిటిషు జాతీయ అభిలేఖాగారంలో 'ఎయిర్ 27' అను శ్రేణిలో ఉన్నవి. వీటిని చూడదలచిన పరిశోధకుడు అక్కడికి స్వయంగా వెళ్ళవచ్చు.

వరంగల్లు సమీపంలోని మామునూరు విమాన క్షేత్రం 1930లో నిజాము కాలంలో ఏర్పడి 1981 వరకు వాడుకలో ఉన్నది. దీని చరిత్రలో మిక్కిలి నాటకీయమైన ఘట్టం 1948లో జరిగినది. ఆ సంవత్సరం ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుండి లాంకాస్ట్రియన్ విమానాలలో ఆయుధాలను రహస్యంగా హైదరాబాదు రాజ్యానికి చేరవేశాడు. ఈ విమానాలు బీదరు, వరంగల్లు క్షేత్రాలలో దిగినవి. 1948 సెప్టెంబరు 13న ఆపరేషన్ పోలో ప్రారంభమైనప్పుడు ఈ రెండు క్షేత్రాలు భారత వైమానిక దళపు దాడికి గురైనవి.

ఈ ఘట్టాన్ని గురించి వెలువడిన పుస్తకాలను వరుసగా చూస్తే ప్రచురణ సమస్య స్పష్టమౌతుంది. హైదరాబాదులో భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్న కె.ఎం.మున్షీ పుస్తకం 1957లో వచ్చినది. నిజాము ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ పుస్తకం 1962లో కరాచీలో అచ్చయినది. కాటన్ తన కథను రాల్ఫ్ బార్కర్‌కు చెప్పి వ్రాయించగా అది 1969లో లండనులో వెలువడినది. ఎస్.ఎన్.ప్రసాద్ వ్రాసిన ఆపరేషన్ పోలో అధికారిక చరిత్రను భారత రక్షణ మంత్రిత్వ శాఖ 1972లో ప్రచురించినది. నిజాము సైన్యాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలు ఆయన మరణానంతరం 1994లో గాని హైదరాబాదులో వెలుగు చూడలేదు. ప్రతి గ్రంథమూ ఒక పక్షం వాదనను, లేదా ఒక ప్రభుత్వ దృష్టిని వినిపిస్తుంది. వీటిలో ఏదీ వరంగల్లు క్షేత్రాన్ని ప్రధాన విషయంగా తీసుకొన్నది కాదు, ఏదీ తెలుగులో వ్రాయబడినది కాదు.

ఈ చరిత్రకు గడువు కూడా ఉన్నది. మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు భూసేకరణ నిమిత్తం తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చినది. కొత్త నిర్మాణాల వలన పాత క్షేత్రపు ఆనవాళ్ళు మారిపోతాయి. 1948 నాటి సంగతులు స్వయంగా చూచినవారు ఎనభై ఏళ్ళకు పైబడినవారు.

కోస్తాకు కూడా ఇటువంటి చరిత్ర ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినవి.

సహాయం, దృక్పథం

ధనం లేదా సమాచారం ఎవరు ఇస్తారో వారి దృష్టి పుస్తకంలో ప్రవేశించే ప్రమాదం ఈ రంగంలో అధికం. 1965 నాటి భారత-పాకిస్తాన్ వైమానిక యుద్ధం ఇందుకు ఉదాహరణ. బ్రిటిషు రచయిత జాన్ ఫ్రికర్‌కు పాకిస్తాన్ వైమానిక దళం తన సమాచారాన్ని అందుబాటులో ఉంచినది. ఆయన గ్రంథం 1979లో వెలువడి, చాలాకాలం పాటు ఇంగ్లీషు పాఠకులకు ఆ యుద్ధం గురించి ప్రధాన ఆధారంగా నిలిచినది. భారత పక్షాన అటువంటి విపుల గ్రంథం లేనందున ఒక పక్షపు లెక్కలే విదేశీ పుస్తకాలలోకి ఎక్కినవి. భారత ప్రభుత్వం తయారు చేయించిన అధికారిక చరిత్ర చాలా ఏళ్ళు బయటకు రాలేదు.

ఈ లోటును పూరించినవారు ఇద్దరు స్వతంత్ర పరిశోధకులు. పి.వి.ఎస్.జగన్ మోహన్ (పిల్లరిశెట్టి జగన్), న్యూయార్కులో తత్వశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసిన సమీర్ చోప్రా కలిసి, యుద్ధంలో పాల్గొన్న వైమానికులను కలుసుకొని వ్రాసిన 1965 యుద్ధ చరిత్రను 2005లో ఢిల్లీకి చెందిన మనోహర్ సంస్థ ప్రచురించినది. అనగా ఫ్రికర్ పుస్తకానికి, దీనికి నడుమ 26 సంవత్సరాలు గడిచినవి. వీరే 1971 యుద్ధంపై వ్రాసిన గ్రంథాన్ని 2013లో హార్పర్‌కాలిన్స్ వంటి పెద్ద సంస్థ స్వీకరించినది. మొదటి పుస్తకం విషయ పరిజ్ఞానాన్ని నిరూపిస్తే రెండవ పుస్తకానికి తలుపులు సులభంగా తెరుచుకుంటాయి.

పుష్పిందర్ సింగ్ మరొక మార్గం అనుసరించాడు. 'వాయు' అను వైమానిక పత్రికను నడిపిన ఈయన, ఢిల్లీలోని సొసైటీ ఫర్ ఏరోస్పేస్ స్టడీస్ పేరుతో గ్రంథాలు ప్రచురించాడు. పాకిస్తాన్ వైమానిక దళంపై 1991లో వచ్చిన 'ఫిజాయా', భారత వైమానిక దళంపై 2007లో మూడు సంపుటాలుగా వచ్చిన 'హిమాలయన్ ఈగిల్స్' వీటిలో ముఖ్యమైనవి. ఒకే వ్యక్తి పత్రికను, గ్రంథమాలను నడిపినందున పాఠకులను, సమాచారం ఇచ్చేవారిని వేరుగా వెదకుకొనే అవసరం తగ్గినది. పుష్పిందర్ సింగ్ 2021లో మరణించాడు.

ముద్రణ వ్యయం

ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్ల తయారీకి, యంత్రం సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు 300 ప్రతులకైనా 3000 ప్రతులకైనా ఒకటే. అందువలన ప్రతులు తగ్గేకొద్దీ ఒక్కొక్క ప్రతి ధర పెరుగుతుంది. ప్రతులు ఎక్కువగా అచ్చువేస్తే అవి రచయిత ఇంట్లోనే అటకమీద మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. ఛాయాచిత్రాలకు ఆర్టు కాగితం, విమానాల వర్ణచిత్రాలకు నాలుగు రంగుల ముద్రణ అవసరం కావడంతో వైమానిక చరిత్ర ఖర్చు నవలకన్న చాలా హెచ్చు. కోరినప్పుడు కోరినన్ని ప్రతులే ముద్రించే విధానం ఈ ఇబ్బందిని కొంత తగ్గించినది. బెంగుళూరులో 2008లో మొదలైన పోతీ.కామ్ ఈ సేవను భారతీయ రచయితలకు అందించినది. తెలుగు ఎలక్ట్రానిక్ పుస్తకాలకు హైదరాబాదు నుండి 2010లో కినిగె ప్రారంభమైనది. అయితే రంగుల పుటలు ఎక్కువగా ఉన్న పుస్తకానికి కోరిక మేరకు ముద్రణ ఇప్పటికీ ఖరీదైనదే.

ఛాయాచిత్రాల హక్కులు వేరొక ఖర్చు. లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియం వంటి సంస్థలు వాణిజ్య ముద్రణకు రుసుము తీసుకుంటాయి. 1957 జూన్‌కు ముందు తీసిన బ్రిటిషు ప్రభుత్వ ఛాయాచిత్రాలపై హక్కు 50 సంవత్సరాలతో ముగిసినందున, అవే బొమ్మలు ప్రైవేటు ఆల్బములలో దొరికితే ఖర్చు తప్పుతుంది. అనుభవం గల రచయితలు ముందుగా వైమానికుల కుటుంబాలను సంప్రదించడానికి ఇది ఒక కారణం.

చందాలు, విరాళాలు

పుస్తకం అచ్చు కాకముందే పాఠకుల నుండి ధనం సేకరించడం తెలుగువారికి కొత్త కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి శాశ్వత చందాదారుల బలంతో నడిచినది. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' వంటి పెద్ద గ్రంథాన్ని ఈ మండలి 1910 నుండి వెలువరించగలిగినది. కాకతీయుల చరిత్రకు ముఖ్య ఆధారమైన 'కాకతీయ సంచిక' కూడా వరంగల్లులో గాక, పరిశోధక మండలి ఉన్న రాజమండ్రిలో 1935లో వెలువడినది. విషయం ఉన్నచోట గాక, చందాదారులు, నిర్వాహకులు ఉన్నచోట పుస్తకం పుడుతుంది.

బ్రిటనులో 1948లో ఏర్పడిన ఎయిర్-బ్రిటన్ సంఘం ఇదే సూత్రాన్ని వైమానిక చరిత్రకు అన్వయించినది. సభ్యులే పరిశోధకులు, సభ్యులే కొనుగోలుదారులు. వాణిజ్య సంస్థలు ముట్టుకోని విమానాల క్రమసంఖ్యల పట్టికలను సైతం ఈ సంఘం పుస్తకాలుగా వేసినది.

చందా పద్ధతికి నేటి రూపం సామూహిక నిధి సేకరణ. అమెరికాలో 2009లో ఆరంభమైన కిక్‌స్టార్టర్, భారతదేశంలో కెట్టో, విష్‌బెర్రీ వంటివి ఈ కోవకు చెందినవి. ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉన్నది. లండనులో 2011లో ఆరంభమై పాఠకుల ముందస్తు చెల్లింపులతో పుస్తకాలు వేసిన అన్‌బౌండ్ సంస్థ 2025లో దివాలా తీయగా, అనేక రచయితలకు రావలసిన సొమ్ము నిలిచిపోయినది. చందా సొమ్మును ముద్రణాలయానికి నేరుగా చెల్లించే ఏర్పాటు రచయితకు, చందాదారునికి కూడా క్షేమం.

తెలుగు రచయితలకు మరొక ఆధారం ముద్రణకై ఇచ్చే ఆర్థిక సహాయం. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం సహాయంతో అచ్చయినట్లు తెలిపే వాక్యం అనేక తెలుగు పుస్తకాలలో కనబడుతుంది. ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో సైనిక చరిత్ర పరిశోధన కేంద్రం ఉన్నది. స్క్వాడ్రన్ల మాజీ సభ్యుల సంఘాలు ఒకేసారి వందల ప్రతులు కొనడం కూడా కలదు. అటువంటప్పుడు ఆ స్క్వాడ్రన్ పరాజయాలు, ప్రమాదాలు పుస్తకంలో ఎంత వివరంగా మిగిలినవో పాఠకుడు గమనించాలి.

ప్రచారం

తన పుస్తకం గురించి తానే చెప్పుకోవడం స్వోత్కర్షగా భావించే సంకోచం తెలుగు రచయితలలో ఉన్నది. నిజానికి తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలు తిరిగి తమ విద్యను తామే చాటుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పిన వట్టికోట ఆళ్వారుస్వామి నిజాము పాలనలో ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మాడు.

వైమానిక చరిత్ర పాఠకులు చెల్లాచెదురుగా ఉంటారు. మాజీ వైమానికులు, విమాన నమూనాలు తయారు చేసేవారు, విమానాశ్రయాల వద్ద ఛాయాచిత్రాలు తీసేవారు, స్థానిక చరిత్ర అభిమానులు వీరిలో ముఖ్యులు. సాధారణ పుస్తకాల దుకాణం కన్న స్క్వాడ్రన్ల పునస్సమావేశాలు, హైదరాబాదు పుస్తక ప్రదర్శన, బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా వంటి ప్రదర్శనలు వీరిని చేరడానికి అనువైనవి. వరంగల్లు విషయంలో 1904లో హనుమకొండలో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలలో ఉపన్యాసం ఇవ్వడం పత్రికా ప్రకటన కన్న ఎక్కువ ఫలితాన్ని ఇవ్వగలదు. ఎందుకనగా వినవచ్చినవారిలో ఎవరి ఇంటనో ఒక పాత ఛాయాచిత్రం, ఒక లేఖ ఉండే అవకాశం ఉన్నది. సేకరించిన వివరాలను కొంతకొంతగా పత్రికలలో ప్రచురించి, పాఠకుల సవరణలు స్వీకరించిన తరువాత గ్రంథరూపం ఇవ్వడం ఈ రంగంలో మంచి పద్ధతిగా నిలిచినది. కూల్చిన విమానాల సంఖ్యను పెంచి చెప్పే ప్రచారం మాత్రం తాత్కాలికంగా ప్రతులు అమ్మినా, ప్రత్యర్థి దేశపు నష్టాల పట్టిక బయటపడిన నాడు రచయిత మాటకు విలువ లేకుండా చేస్తుంది.

పత్రాలు, నమోదు, తపాలా

రక్షణ మంత్రిత్వ శాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానం ప్రకారం యుద్ధ సంబంధమైన పత్రాలను సాధారణంగా 25 సంవత్సరాలలో రహస్య జాబితా నుండి తొలగించాలి.

భారతదేశంలో పుస్తకాలకు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా కేటాయిస్తుంది. రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని నిర్దిష్ట గ్రంథాలయాలకు 30 రోజులలోగా ఒక్కొక్క ప్రతి పంపాలి. సొంతంగా ప్రచురించినవారు ఈ నియమాన్ని తరచు మరచిపోతారు. ఆ ప్రతులు చేరకపోతే పుస్తకం తరువాతి పరిశోధకుల కంట పడదు.

చందాదారులకు పుస్తకం పంపడానికి దశాబ్దాలుగా ఆధారపడిన రిజిస్టర్డు బుక్ పోస్టు రాయితీని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఉపసంహరించినది. దానివలన చిన్న ప్రచురణకర్తల ఖర్చు పెరిగినది. 2025 మే 1న ప్రవేశపెట్టిన జ్ఞాన్ పోస్టు ద్వారా 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, దానిపై పన్ను చెల్లించి పుస్తకాలు పంపవచ్చు. వాణిజ్య ప్రకటనలు ఉన్న ప్రచురణలకు ఈ రాయితీ వర్తించదు. కాబట్టి విమాన పరికరాల సంస్థల ప్రకటనలతో ముద్రణ ఖర్చు పూడ్చుకోదలచిన రచయిత, ఆ ప్రకటనల రాబడిని తపాలా ఖర్చుతో బేరీజు వేసుకోవలసి ఉంటుంది.