స్నిగ్ధతామాపకాల చరిత్ర: ఒక్క అంకె చాలునా?

ఉపోద్ఘాతం:
ద్రవం తన ప్రవాహాన్ని తానే నిరోధించే గుణమే స్నిగ్ధత. నీటికంటే ఆముదం మెల్లగా జారడానికి కారణం ఇదే. ద్రవపు పొరల మధ్య కలిగే నిరోధం వాటి వేగప్రవణతకు అనులోమానుపాతంలో ఉంటుందని 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదనకు లోబడే ద్రవాన్ని ఏ మాపకంతో కొలిచినా, ఉష్ణోగ్రత మారనంతవరకు ఒకే విలువ రావాలి. లోబడని ద్రవానికి కొలిచే పద్ధతిని బట్టి విలువ మారుతుంది. కాబట్టి మాపకాన్ని ఎంచుకోవడమంటే ద్రవస్వభావాన్ని గురించి ముందే ఒక నిర్ణయానికి రావడమే.

కేశనాళిక:
ఫ్రెంచ్ వైద్యుడు పాయిజ్యూ సూక్ష్మ రక్తనాళాలలోని ప్రవాహాన్ని అర్థం చేసుకోదలచి, సన్నని గాజునాళికలలో నీటిని ప్రవహింపజేశాడు. పీడనాన్ని, నాళిక పొడవును, వ్యాసాన్ని వేర్వేరుగా మార్చి చూశాడు. ప్రవాహపరిమాణం పీడనానికి, వ్యాసపు నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలోను, పొడవుకు విలోమానుపాతంలోను ఉంటుందని 1840-41లో ప్రకటించాడు. జర్మనీలో హాగెన్ 1839లోనే ఇటువంటి ఫలితాన్ని ప్రచురించాడు. నాలుగో ఘాతం వల్ల వ్యాసాన్ని కొలవడంలో 1 శాతం దోషం స్నిగ్ధతలో సుమారు 4 శాతం దోషమవుతుంది. ఓస్వాల్డ్ రూపొందించిన ‘యు’ ఆకారపు నాళిక ఈ చిక్కును తప్పించింది. అందులో రెండు గుర్తుల మధ్య ద్రవం దిగే కాలాన్ని నీటి కాలంతో పోల్చి, సాంద్రతలను లెక్కలోకి తీసుకుంటే చాలు; వ్యాసాన్ని కొలవనక్కరలేదు.

నూనెల వ్యాపారం:
19వ శతాబ్ది చివర కందెన నూనెల వ్యాపారం ఇంకా సులువైన సాధనాన్ని కోరింది. రెడ్‌వుడ్ మాపకంలో 50 మిల్లీలీటర్లు, సేబోల్ట్ మాపకంలో 60 మిల్లీలీటర్లు కారడానికి పట్టిన సెకన్లే కొలత. ఎంగ్లర్ మాపకం 200 మిల్లీలీటర్ల నూనె కారే కాలాన్ని నీటి కాలంతో భాగించింది. వీటన్నిటిలో ద్రవాన్ని నడిపేది గురుత్వమే. పాయిజ్యూ ప్రయోగాలకు ప్రాణమైన అంశం, అంటే పీడనాన్ని ఇష్టానుసారం మార్చగల వీలు, ఇక్కడ లోపించింది. నూనెలకు ఆ లోపం పెద్దగా అడ్డు కాలేదు.

బంకమట్టి, రంగులు:
1890లో కూయెట్ వేరొక మార్గం చూపాడు. ఒకదానిలో ఒకటి అమరిన రెండు స్తూపాల నడుమ ద్రవాన్ని నింపి, బయటి స్తూపాన్ని తిప్పి, తీగకు వేలాడే లోపలి స్తూపంపై పడే మెలిపెట్టే బలాన్ని కొలిచాడు. నాళికలో వేగప్రవణత మధ్యలో శూన్యంగాను, గోడవద్ద అత్యధికంగాను ఉంటుంది. స్తూపాల నడుమ సన్నని సందులో అది దాదాపు సమంగా ఉంటుంది. పైగా వేగాన్ని మార్చవచ్చు. 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు బింగ్‌హామ్ బంకమట్టి కలిపిన ద్రవాలను కేశనాళికలోనే, పీడనం మారుస్తూ పరీక్షించి, ఒక హద్దు దాటితేనే అవి నిజంగా ప్రవహిస్తాయని తేల్చాడు. 1919లో గ్రీన్‌తో కలిసి రంగులకూ ఇదే వర్తింపజేశాడు. ఒకే పీడనం వద్ద కొలిచి ఉంటే ఆ హద్దు కనబడేది కాదు. ఒక అంకె మాత్రం తప్పక వచ్చేది.

ముగింపు:
సాధనం పాతదా, కొత్తదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. బింగ్‌హామ్ వాడినదీ పాత నాళికనే. న్యూటన్ ప్రతిపాదనకు లోబడే ద్రవానికి ఓస్వాల్డ్ నాళిక చాలు. లోబడుతుందో లేదో తెలియనప్పుడు పీడనాన్నో వేగాన్నో మార్చగల మాపకం కావాలి. ఉష్ణోగ్రత రెండింటికీ ముఖ్యమే: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.002 మిల్లీపాస్కల్ సెకన్లుగా ఉన్న నీటి స్నిగ్ధత ఒక్క డిగ్రీ పెరిగితే 2 శాతానికి పైగా తగ్గుతుంది. పాత నివేదికలలోని స్నిగ్ధతా విలువలను పోల్చే పరిశోధకులు అంకెతోపాటు మాపకాన్ని, ఉష్ణోగ్రతను, ప్రవాహస్థితిని కూడా పరిశీలించాలి. అవి లేని అంకె ద్రవాన్ని గురించి చెప్పేది స్వల్పం.