తాత ఫొటోలో తుపాకి ఎవరిది?

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి.

మన సంఘం సంచికకి పాత ఫొటోలు అడిగితే మేము మా తాత ఫొటో ఒకటి పంపినాము. తళి అడివి అంచున తీసింది, 1930ల నాటిది. కాళ్ళ దగ్గర కొమ్ముల దుప్పి, చేతిలో తుపాకి. దాని కింద ‘గొప్ప వేటగాడు’ అని వేద్దామన్నారు మన కుర్రాళ్ళు. మేమూ చిన్నప్పటినుంచి బడిలో, ఆఫీసులో అట్లనే చెప్పుకున్నాము. ఇప్పుడు ఆ మాట వద్దంటున్నాము. ఎందుకో తెలియాలంటే ముందు ఆ తుపాకి సంగతి తెలియాలి.

ఫొటో పెద్దది చేసి చూస్తే మూడు గుర్తులు కనబడతాయి. తుపాకి పొట్టిది. దాని కట్టె గొట్టం మూతిదాకా వస్తుంది. బోల్టు పిడి వెన్న రాసే కత్తి మాదిరి చదునుగా ఉంటుంది. ఇవి ఆస్ట్రియాలో స్టెయిర్ ఊరి మాన్‌లిహెర్ షోనవర్ 1903 కార్బైన్ గుర్తులు. గొట్టం సుమారు 45 సెంటీమీటర్లు, బరువు సుమారు 3 కిలోలు, లోపల తిరిగే పెట్టెలో 5 తూటాలు. తూటా పేరు 6.5×54. అంటే గుండు లావు 6.5 మిల్లీమీటర్లు, ఇత్తడి గొట్టం పొడవు 54 మిల్లీమీటర్లు.

మేము రైల్వే పార్సెల్ ఆఫీసులో ఏళ్ళ తరబడి తూకాలు రాసినాము కాబట్టి మా కన్ను మొదట బరువు మీదికే పోతుంది. వేటలో కాల్చేది ఒక్క నిమిషం, మోసేది పొద్దంతా. కొండ ఎక్కి దిగే మనిషికి కిలో తగ్గినా మేలే. అట్లని తుపాకిని తేలిక చేసి తూటాని పెద్దది చేస్తే భుజం మీద తన్ను ఎక్కువవుతుంది. ఆ తన్నుకి భయపడిన చెయ్యి గుర్రం లాగేటప్పుడు అదురుతుంది, గుండు పక్కకి పోతుంది, దుప్పి కుంటుకుంటూ పొదల్లోకి పోయి చస్తుంది. అందుకే తేలిక తుపాకికి మెత్తని తూటా కావాలి. ఆ కాలపు మంచి వేటగాళ్ళు జింకకి తుపాకి ఎంచుకున్న లెక్క ఇదే.

బాగా ఎదిగిన మగ దుప్పి 70 నుంచి 90 కిలోలు తూగుతుంది. దానికి మాన్‌లిహెర్ గుండు 10 గ్రాములు చాలు. సన్నగా, పొడుగ్గా ఉండే గుండు దారి తప్పకుండా లోతుకి దిగుతుంది. లండన్ రిగ్బీ కంపెనీ .275 కూడా ఈ జాతిదే. అది జర్మనీ వాళ్ళ 7×57 మౌజర్ తూటాకి ఇంగ్లీషు పేరు. గుండు 9 గ్రాములు. స్కాట్లండు కొండల్లో జింకలకి వాడిన ఈ తేలిక రైఫిలునే 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చినారు. మన జవళగిరి, అంచెట్టి పక్కల తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్. దాని గుండు 19 గ్రాములు, రెట్టింపు. ఆయన దాన్ని నమ్ముకున్నది మనుషుల్ని తినే పులి, చిరుతల కోసం. జింకకి అంత అక్కర లేదు.

మరి ఈ ఎంపిక మా తాతకి ఉండిందా? లేదు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం మనవాళ్ళకి తుపాకి ఉండాలంటే లైసెన్సు కావాలి. దొరలకి మినహాయింపు. ఆ చట్టంలోని ఈ తేడా 1919 తరవాత పోయినా, ఇట్లాంటి రైఫిలు కొనే డబ్బు, లైసెన్సు తెచ్చే పలుకుబడి మన ఊళ్ళలో ఎందరికి? మన ఇళ్ళలో ఉండింది మందు దట్టించి, రవ్వలు పోసి కాల్చే నాటు తుపాకి. ఒక్క దెబ్బే. వానకి మందు తడిస్తే అదీ లేదు.

ఈ లెక్కంతా పెట్టుకొని మా చిన్నాయనని అడిగినాము. ఆయనకి తొంభై దగ్గర. ఫొటో చూసి నవ్వినాడు. “అది దొర తుపాకిరా. మీ తాత మోసినాడు, కాల్చలా. ఫొటో తీసేటప్పుడు పట్టుకోమన్నాడు దొర.”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినామో ఆ కథ! తెల్లారి మళ్ళీ పోయి అడిగితే చిన్నాయన ఇంకొంచెం చెప్పినాడు. దుప్పులు ఏ పొద్దుకి ఏ మడుగుకి వస్తాయో తాతకి తెలుసు. గాలి ఎటు తోలుతుందో దుమ్ము చల్లి చూసేవాడు. గాయపడిన జంతువుని నెత్తురు చుక్కల వెంట పోయి వెతికేది కూడా ఆయనే. దొర తేలిక తుపాకి ఎంచుకున్నాడు, దాన్ని మోసింది మాత్రం తాత.

వేట కథ 1972 వన్యప్రాణి చట్టంతో చాలావరకు ముగిసింది. అప్పటికీ లైసెన్సు మీద వేటాడే దారి కొంచెం మిగిలింటే 1991 సవరణ దాన్నీ మూసేసింది. 2014లో కావేరి ఉత్తర, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాలు వచ్చినాయి. మంచిదే. దుప్పిని చూడను ఈనాడు తుపాకి అక్కర లేదు.

కాబట్టి సంచిక కమిటీకి మా మనవి. ఫొటో వెయ్యండి. కింద మాత్రం ఇట్లా రాయండి: ‘అడివి తెలిసిన మనిషి. చేతిలో ఉన్నది దొర తుపాకి.’

మీ ఇళ్ళలో కూడా ఇట్లాంటి ఫొటోలు ఉంటాయి. వాటిలో తుపాకి ఎవరిదో, మోసింది ఎవరో, చెప్పే పెద్దలు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.