తీగలు పేనిన కుటుంబము

విదేశమునకు వలసపోయినవాడు ఆ దేశమువాడగుట ఎప్పుడు? ఓడ దిగిన దినముననా? భూమి కొన్న దినముననా? పౌరసత్వపు పత్రము చేతికందిన దినముననా? పందొమ్మిదవ శతాబ్దమున జర్మనులు లక్షల సంఖ్యలో అమెరికాకు తరలిపోయిరి. వారిలో ఒక కుటుంబము నడచిన త్రోవను ఆధారముగా గొని ఈ ప్రశ్నను కొంత విచారింతము.

జోహాన్ ఆగస్ట్ రోబ్లింగు 1806 జూన్ 12వ తేదీన థురింజియా ప్రాంతమందలి ముల్‌హౌసెన్ పట్టణమున జన్మించెను. తండ్రి పొగాకు వర్తకుడు. కడగొట్టు కుమారుడు పెద్దచదువు చదువవలెనని తల్లి పట్టుదల. అతడు బెర్లిన్‌లో నిర్మాణశాస్త్ర మభ్యసించి, ప్రష్యా ప్రభుత్వమువారి రోడ్ల పనులలో కుదిరెను. అచట ప్రతి చిన్న పనికిని పై యధికారుల అనుమతికై కాచుకొని యుండవలసినదే. ఆ కొలువు అతనికి ఇరుకైనది. 1831లో అన్న కార్ల్‌తోను, కొందరు ఊరివారితోను కలిసి బ్రెమెన్ రేవున ఓడ యెక్కి, పదకొండు వారముల ప్రయాణము తరువాత ఫిలడెల్ఫియాలో దిగెను.

అతడు వంతెనలు కట్టుటకు వచ్చెనని మన మనుకొందుము. కాదు, సేద్యము చేయుటకు వచ్చెను. బానిసత్వము నెలకొనియున్న దక్షిణ రాష్ట్రములకు పోవుట అతని మనస్సున కొప్పలేదు. అన్నదమ్ములు పిట్స్‌బర్గు సమీపమున 1,582 ఎకరముల భూమి కొని, 1832లో సాక్సన్‌బర్గు అను గ్రామమును నెలకొల్పిరి. స్వదేశమునకు జాబులు వ్రాసి తమవారిని రప్పించిరి. ఆ ఊరి వీధులలో వినవచ్చినది జర్మను భాషయే. వారు కోరినది అమెరికాలో కలిసిపోవుట కాదు. అమెరికా నేలలో ఒక జర్మను పల్లెను నాటుట.

ఆ నేల జోహాన్‌కు అచ్చిరాలేదు. 1837వ సంవత్సరము ఆ యింటికి మూడు విధముల గుర్తుండిపోయినది. పొలమున కోత కోయుచు ఎండదెబ్బకు కార్ల్ మరణించెను. జోహాన్ అమెరికా పౌరుడాయెను. అతని భార్య జొహన్నాకు తొలిచూలు కుమారుడు కలిగెను. జర్మను మాటాడు ఆ యింటిలోని బిడ్డకు పెట్టిన పేరు వాషింగ్టన్.

జోహాన్ నాగలి విడిచి మరల కొలతగొలుసు పట్టెను. ఆ కాలమున పెన్సిల్వేనియాలో కాలువ పడవలను బండ్లపై నెక్కించి, ఆవిరి యంత్రముల సాయమున కొండ యేటవాలు మీదికి లాగెడివారు. లాగుటకు వాడినవి లావైన నార మోకులు. అవి త్వరగా అరిగి తెగెడివి. తెగినప్పుడు ప్రాణములు పోయెడివి. నారకు బదులు ఇనుపతీగను పేనిన నేమి యని జోహాన్ యోచించి, 1841లో తన పచ్చికబయలుననే ఆ మోకును పేనించెను. ఇరుగుపొరుగు రైతులే పనివారు. సేద్యమునకై పిలిపించినవారు తీగలు పేను కార్మికులైరి. నూతన దేశమునకు కావలసినది జోహాన్ తెచ్చిన పల్లె కాదు, ఈ మోకు.

అటుపై పని వెదకుకొని వచ్చెను. 1845లో పిట్స్‌బర్గులో అలిఘెనీ నదిమీదుగా కాలువను దాటించు అక్విడక్టును అతడు తీగల మోకులపై వ్రేలాడదీసెను. గోదావరి డెల్టాలో గన్నవరము అక్విడక్టును చూచిన శ్రోతలు, దాని క్రింద స్తంభములకు బదులు పైన మోకులున్నట్లు ఊహించుకొనవచ్చును. 1849 నాటికి కర్మాగారము ట్రెంటన్ పట్టణమునకు మారెను. 1855లో నయాగరా లోయపై 820 అడుగులకు మించిన వ్రేలాడు వంతెన మీద రైలు నడచెను.

ఈ కీర్తికి వెల ఎవరు చెల్లించిరి? తండ్రి మిక్కిలి కఠినుడనియు, భార్యాబిడ్డలపై చేయి చేసికొనెడివాడనియు వాషింగ్టన్ తరువాత వ్రాసినాడు. జొహన్నా 1864లో కన్నుమూసెను. అంతర్యుద్ధమున ఉత్తర సేనలలో పోరాడిన వాషింగ్టన్ 1865లో ఎమిలీ వారెన్ అను అమెరికా వనితను వివాహమాడెను. నీటి అడుగున పునాదులు వేయు పద్ధతుల నెరుగుటకై ఆ దంపతులు యూరపు వెళ్లిరి. 1867లో వారి కుమారుడు జన్మించినది ఎచటనో కాదు, తాత విడిచివచ్చిన ముల్‌హౌసెన్‌లోనే. శిశువునకు తాత పేరే పెట్టిరి.

న్యూయార్కు, బ్రూక్లిన్ నగరములను కలుపు మహాసేతువునకు జోహాన్ ప్రధాన ఇంజనీరు. 1869 జూన్‌లో రేవున కొలతలు తీయుచుండగా పడవ తగిలి కాలు నలిగెను. వైద్యుల మాట త్రోసిపుచ్చి స్వంత జలచికిత్స చేసికొని, ధనుర్వాతముతో జూలై 22వ తేదీన మరణించెను. భారము 32 ఏండ్ల వాషింగ్టన్‌పై పడెను. నదిలో బోర్లించిన పెద్ద కొయ్యపెట్టెలలోనికి గాలిని ఒత్తిడితో పంపి, లోపల మనుష్యులు మట్టి త్రవ్వెడివారు. ఆ ఒత్తిడినుండి త్వరగా వెలికి వచ్చినచో రక్తమున బుడగ లేర్పడి అంగములు చచ్చుబడును. 1872లో వాషింగ్టన్‌కు ఆ వ్యాధియే ప్రాప్తించెను. అతడు గదికి పరిమితుడై, కిటికీ నుండి దూరదర్శినితో పనిని చూచెను. ఎమిలీ గణితమును, వస్తుబలశాస్త్రమును నేర్చి, భర్త ఆదేశములను ప్రతిదినము ఇంజనీర్లకు చేరవేసెను.

గుత్తేదారొకడు నాసిరకపు తీగను మోసముతో పంపుచున్నట్లు 1878లో బయటపడెను. అప్పటికే కొంత తీగ మోకులలో చేరినది. వాషింగ్టన్ లెక్కకట్టి ఒక్కొక్క మోకునకు మరి 150 తీగలు చేర్పించెను. కావలసినదానికి ఆరురెట్లు బలముండవలెనని తండ్రి ముందే విధించియుండుటచే వంతెనకు ముప్పు రాలేదు. ఇంటిలో భరింపరానిదైన ఆ కాఠిన్యమే సేతువున లక్షలాది బాటసారులకు రక్షణ యైనది.

1883 మే 24వ తేదీన వంతెన తెరువబడెను. అంతకు ముందే ఎమిలీ, విజయచిహ్నముగా కోడిపుంజును పట్టుకొని, బండిలో దానిని దాటెను. ఆమె 1903లోను, వాషింగ్టన్ 1926లోను గతించిరి. వంతెన నేటికిని వాడుకలో నున్నది.

1951లో దానిపై ఒక ఫలకము నుంచిరి. ఎమిలీ, వాషింగ్టన్, జోహాన్, ఈ మూడు పేర్లును అందున్నవి. ఈ దేశము వారిని తనవారిగా వ్రాసికొన్న పత్రము అదియే యనవచ్చును. కోతపొలమున కూలిన కార్ల్ పేరు గాని, మౌనముగా సంసారము నీదిన జొహన్నా పేరు గాని అందు లేవు. వలస చరిత్రను చదువునపుడు మనము ఫలకముపై లేని పేర్లను గూడ చదువవలెను.