ఆప్తుల పేరిట డబ్బు మోసాలు

స్నేహితుడో బంధువో ఆపదలో పడి డబ్బు అడుగుతున్నట్టు నమ్మించి, ఆ సొమ్మును వేరొకడు కాజేయడం ఈ మోసం స్వరూపం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల్లో దీని చరిత్ర స్మార్ట్‌ఫోన్ చరిత్రతో పెనవేసుకొని ఉంది. పద్ధతి మాత్రం పాతది. అరణ్యకాండలో మారీచుడు రాముడి గొంతుతో కేకపెట్టి లక్ష్మణుణ్ణి పర్ణశాల దాటించిన ఘట్టం తెలుగువారికి చెప్పనక్కరలేదు. యూరప్‌లో 19వ శతాబ్దంలో, స్పెయిన్ చెరలో ఉన్న ధనవంతుణ్ణి విడిపించడానికి డబ్బు కావాలంటూ ‘స్పెయిన్ ఖైదీ’ ఉత్తరాలు సాగాయి.

మన దేశంలో 1880లో మనియార్డరు వచ్చింది. ఉత్తరంలోనో టెలిగ్రాంలోనో అందిన ఆపద కబురు అబద్ధమైనా, అవతలి ఊళ్లో సొమ్ము తెచ్చి ఇచ్చేది పోస్ట్‌మాన్. ఆయన మనిషిని చూసి, సంతకమో వేలిముద్రో వేయించుకుని ఇచ్చేవాడు. కాబట్టి మారుపేరువాడు ఎవరో ఒకరి కళ్ల ఎదుట నిలబడక తప్పేది కాదు. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. 2016లో యూపీఐ మొదలై, ఆ నవంబరులో పెద్ద నోట్ల రద్దు తర్వాత పల్లెల దాకా పాకింది. డబ్బు చేరడానికి క్షణాలు చాలు, మధ్యలో పోస్ట్‌మాన్ లేడు.

తెలుగునాట ఈ మోసాన్ని అందరి నోటా నాన్పించినది 2020. నల్లగొండ జిల్లా ఎస్పీగా ఉన్న ఏ.వి. రంగనాథ్ పేరుతో ఎవరో నకిలీ ఫేస్‌బుక్ ఖాతా తెరిచారు. ఫొటో ఆయనదే, పేరు ఆయనదే. స్నేహితుల జాబితాలోని వారికి కొత్తగా రిక్వెస్టు పంపి, ఒప్పుకున్నవారిని మెసెంజర్‌లో పలకరించి, అర్జెంటుగా కొంత సర్దమని, త్వరలోనే తిరిగి ఇస్తానని అడిగారు. నల్లగొండ పోలీసులు ఆధారాలను ఓపికగా కూడగట్టి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతం దాకా వెళ్లి ముఠాను పట్టుకున్నారు. ఇదే తరహాలో దేశంలోని ఎందరో పోలీసు అధికారుల పేర్లు వాడినట్టు దర్యాప్తులో బయటపడింది. పోలీసు అధికారినే ఎంచుకోవడంలో తెలివి ఉంది: పై అధికారి డబ్బు అడిగితే కారణం అడిగే ధైర్యం కింది ఉద్యోగికి ఉండదు. తర్వాత జిల్లా కలెక్టర్ల ఫొటోలు వాట్సాప్ డీపీలుగా పెట్టి కూడా ఇలాగే అడిగారు.

కొల్లేరు చుట్టుపక్కల ఈ మోసానికి ఆస్కారమిచ్చే పరిస్థితులు రెండు. కైకలూరు, ఆకివీడు వైపు చేపల సాగులో పిల్ల, మేత, ఐసు, లారీ కిరాయి చాలాచోట్ల ఫోన్‌లో మాట మీదే కుదురుతాయి. తెలిసిన పేరుతో మెసేజి వస్తే డబ్బు వేయడం అక్కడ వింత కాదు. రెండోది దూరం. డెల్టా ఇళ్లలో పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండటం, తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన ఎన్ఐటీలో ఎక్కడెక్కడి పిల్లలో చదవడం మామూలే. 2024 నుంచి ఎక్కువైన ఒక రకం ఈ దూరాన్నే వాడుకుంటుంది. పోలీసునంటూ ఒకడు ఫోన్ చేసి, ‘మీ అబ్బాయి కేసులో దొరికాడు’ అంటాడు. వెనక ఏడుపు వినిపిస్తుంది. ఫోన్ పెట్టేస్తే కేసు రాసేస్తామని బెదిరిస్తాడు.

2023 జూలైలో కేరళలోని కోజికోడ్‌లో నమోదైన కేసుకు మన రాష్ట్రంతో చుట్టరికం ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పాత సహోద్యోగిలా ఒకడు విశ్రాంత ఉద్యోగికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. కృత్రిమ మేధతో ముఖాన్ని సృష్టించి, బంధువు ఆపరేషన్‌కని రూ.40,000 వేయించుకున్నాడు. మళ్లీ అడిగేసరికి బాధితుడు అసలు మిత్రుడికే ఫోన్ చేయగా గుట్టు తెలిసింది.

చట్టం పరంగా, 2000 నాటి ఐటీ చట్టంలోని 66డి సెక్షన్ కంప్యూటర్ సాధనంతో వేషం మార్చి మోసగించినవారికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 319వ సెక్షన్ కింద శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. ఫిర్యాదుకు 2021లో 155260, మరుసటి ఏడాది దాని స్థానంలో 1930 నంబరు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో కైకలూరు ఏలూరు జిల్లాలో చేరగా, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. 1930కి మాత్రం జిల్లా హద్దులతో పని లేదు. డబ్బు మళ్లీ చేతులు మారకముందే ఫిర్యాదు అందితే, బ్యాంకు అవతలి ఖాతాలో దాన్ని నిలిపివేయగలదు.