బొగ్గుబాయి పక్కన మంగళగౌరి

శ్రావణ నోములు మన బొగ్గుబాయిల కంటే చాలా పాతవి. 13వ శతాబ్దంలోనే దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి తన ‘చతుర్వర్గ చింతామణి’లో ఒక ఖండమంతా వ్రతాలకే కేటాయించాడు. గోదావరి పొడవునా ఉన్న అగ్రహారాల్లో ఈ ఆచారాలు తరాలుగా నడిచాయి. రామగుండానికి దగ్గర్లోనే ఉన్న మంథని వేదాధ్యయనానికి పేరున్న ఊరు. అక్కడ పురోహితుడూ పేరంటాళ్లూ ఎప్పుడూ ఉన్నవాళ్లే. బొగ్గు మాత్రం ఆలస్యంగా వచ్చింది.

1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ పక్కనున్న సింగరేణి గ్రామం పేరుతో 1920 డిసెంబరు 23న కంపెనీ ఏర్పడింది. తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, ఆపై 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున రామగుండం గనులు. పాత కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాల పల్లెల నుంచి మనుషులు తరలివచ్చి గోదావరిఖని, మన నోట ఖని, అనే ఊరు పుట్టింది. వాళ్ల వెంట ఆడవాళ్లు తమ దేవతలనూ తెచ్చుకున్నారు.

ఆ శ్రావణ నోముల్లో ఒకటైన మంగళగౌరి నోము పల్లెలో అందరిదీ కాదు. పురోహితుడిని పిలిపించుకోగల ఇళ్లదే. పేరంటానికి బంధువులూ కులంవాళ్లూ వచ్చేవారు. కంపెనీ క్వార్టర్ల వరుసలో ఆ లెక్క కొంత తప్పింది. వాయనం పుచ్చుకోవడానికి ఐదుగురు ముత్తయిదువలు కావాలి, చుట్టాలు ఎక్కడో ఊళ్లలో ఉన్నారు, పక్కింటివాళ్లే దిక్కు. రాజమండ్రిలో అచ్చయ్యే చౌక వ్రతకథల పుస్తకాలు చేతికందాక పురోహితుడు లేకపోయినా కథ చదువుకోవచ్చని తేలింది. ఈ నోము కులం గీత దాటడానికి భక్తి ఎంత కారణమో కంపెనీ క్వార్టర్లూ ఆ సన్న పుస్తకాలూ అంతే కారణమని నా అభిప్రాయం. గీత పూర్తిగా చెరిగిపోయిందని మాత్రం అనను.

పెళ్లయిన మొదటి ఏడు తల్లిగారింట్లో పట్టి, మిగతా నాలుగేళ్లు అత్తగారింట్లో సాగించే ఐదేళ్ల నోము ఇది. శ్రావణంలో ఎన్ని మంగళవారాలు వస్తే అన్ని పూజలు. పసుపు గౌరమ్మ, ఐదు పోగుల తోరం, బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన జ్యోతులు, నానబెట్టిన శనగలు. అన్నిటికంటే చూడాల్సింది కాటుక. కథ చదువుతున్నంతసేపూ నెయ్యి రాసిన అట్లకాడను జ్యోతుల మీద పట్టుకుని ఉండాలి. మసి పేరుకుంటుంది. పూజ అయ్యాక నోము పట్టినామె దాన్నే కాటుకగా తాను పెట్టుకుని ముత్తయిదువలకు ఇస్తుంది. మొదటి ఏడు ఐదుగురికి వాయనం, రెండో ఏడు పదిమందికి, ఐదో ఏటికి ఇరవై ఐదుగురికి.

మంగళవారం పని రోజు. సింగరేణిలో ప్లేడే, అంటే వారపు సెలవు, ఆదివారమే. మొదటి షిప్టు మొగుడు తెల్లారకముందే లేచి డ్యూటీకి పోతాడు. రాత్రి షిప్టువాడు పొద్దున వచ్చి పడుకుంటాడు. పూజ ఈ షిప్టుల మధ్య సందు చూసుకుని జరగాలి. ఇక ఆ కథ అల్పాయుష్షు ఉన్న పెళ్లికొడుకు గౌరి దయతో గండం గట్టెక్కే కథ. మిగతా ఊళ్లలో అది పురాణం. ఖనిలో ఇంటి సంగతి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఏ గనిలో పైకప్పు కూలి మరో పదిమంది. పుస్తె గట్టిగుండాలని మొక్కుకోవడాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు ఈ రెండు తేదీలు గుర్తుచేసుకోవాలి. అయితే గని భద్రత చూడాల్సినవాళ్ల పనిని గౌరమ్మ మీద వేయడాన్నీ ఒప్పుకోలేం. భర్త పోయినామెను పేరంటానికి పిలవని ఆచారం బొగ్గుబాయిల ఊళ్లో మరీ క్రూరం. నోములో నాకు నచ్చనిది అదొక్కటే కాదు గానీ, అన్నిటికంటే పెద్దది అదే.

వానలు వెనకబట్టే భాద్రపద అమావాస్యకు గౌరమ్మ వీధిలోకి వస్తుంది, బతుకమ్మగా. ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులూ పని ఆపారు. ఆ ఏడు బతుకమ్మ సమ్మె నడుమే వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక 2014లో అది రాష్ట్ర పండుగయింది. మంగళగౌరి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. తొంభైల మొదట్లో లక్ష దాటిన కంపెనీ కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. చాలాచోట్ల క్వార్టర్లు ఖాళీ పడ్డాయి. ఇరవై ఐదుగురు ముత్తయిదువలను కూర్చడం పాత వరుసల్లో ఇప్పుడు తేలిక కాదు.

1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టకూడదంది. 2019లో కేంద్రం షరతులతో ఆ తలుపు తెరిచింది. మనం చదివే నోము పుస్తకాల్లో ఇప్పటికీ ఆయుష్షు అడిగేది భర్తకే. బాయిలోకి దిగే ఆడపిల్ల కోసం ఆమె భర్త ఒక మంగళవారం దీపం పెడితే గౌరమ్మ కాదంటుందా? ఈ శ్రావణంలో ఖని ఇళ్లలో ఈ మాట ఎత్తి చూడండి.